ఎనిమిది గళ్ళలో తెలుగు అక్షరం: కంప్యూటర్ మోజు నలభై ఏళ్ళు ఎలా నిలిచిందంటే

మీ అమ్మాయి ఏడో తరగతి. ఇంట్లో ఉన్నంతసేపూ కంప్యూటర్ వదలదు. అది నిజమైన ఇష్టమా, ఉత్త కాలక్షేపమా అని మీ సందేహం. ఆ వయసులో నాకు పట్టిన పిచ్చి యాభై దాటినా ఎలా వదల్లేదో చెప్పమని, దాన్నిబట్టి ఏం చేయాలో, ఏ కంప్యూటర్ కొనాలో ఆలోచించుకుంటామని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తానండి. యంత్రం మీద మోజు ఎక్కువకాలం ఉండదు. నాతో పాటు బడిలో కంప్యూటర్ గది గుమ్మం దగ్గర తోసుకున్నవాళ్ళలో చాలామంది ఏడాది తిరిగేసరికి మళ్ళీ క్రికెట్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళు నాకంటే తెలివి తక్కువవాళ్ళేం కాదు, ఒకరిద్దరు లెక్కల్లో నన్ను మించినవాళ్ళే. నాకు మాత్రం ఆ యంత్రం చేత చేయించాల్సిన పని ఒకటి దొరికింది. దాని చేత తెలుగు రాయించాలి. ఆ పని ఎంతకీ తెమల్లేదు. యంత్రాలు మారిపోయాయి, పని అలాగే ఉండిపోయింది. నా సంగతంతా ఇంతే, మిగతాది వివరం.

1984 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అని ఒక పథకం పెట్టింది. బడి పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడం దాని ఉద్దేశం. తొలివిడతగా దేశం మొత్తం మీద సుమారు 250 బళ్ళకు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరున్న ఏకార్న్ అనే చిన్న కంపెనీ, బీబీసీ టీవీ వాళ్ళ కంప్యూటర్ పాఠాల కోసం 1981లో చేసిన యంత్రం అది. రాజమండ్రిలో మా బడికీ అవి వచ్చాయి. 6502 అనే ప్రాసెసరు (లెక్కలన్నీ చేసే చిప్పు), 2 మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల మెమరీ. ఇవాళ్టి ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో కూడా ఆ మెమరీలో పట్టదు. ప్రోగ్రాములు దాచుకోవడానికి మామూలు టేప్‌రికార్డరు, క్యాసెట్లు.

లెక్కల మాస్టారికి కొద్దిరోజులు ట్రైనింగ్ ఇచ్చి ఆ గది అప్పగించారు. ఆయన మంచితనం ఏమిటంటే, తనకు తెలియనిది తెలిసినట్టు నటించేవారు కాదు. ‘ఒరేయ్, అదెలా చేశావో నాకూ చూపించు’ అని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. అప్పటిదాకా బళ్ళో పెద్దవాళ్ళు మా దగ్గర నేర్చుకోవడం నేను చూడలేదు.

ఇంకో విషయం. ఆ యంత్రానికి అర్థంకాని మాట కొడితే తెర మీద ‘మిస్టేక్’ అని ఒక్క ముక్క వచ్చేది. అంతే. తిట్టదు, బెంచీ ఎక్కించదు, మా నాన్నకు చెప్పదు. మళ్ళీ కొట్టుకోవచ్చు. తప్పుకి సిగ్గుపడనక్కర్లేని చోటు అప్పట్లో నాకు అదొక్కటే ఉండేది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, పిల్లలు కంప్యూటర్ దగ్గర గంటల తరబడి ఎందుకుంటారని అడిగేవాళ్ళకు సగం జవాబు ఇందులోనే ఉందని నా నమ్మకం.

ఇక తెలుగు సంగతి. ఆ కంప్యూటర్‌కు పనులు చెప్పే బేసిక్ అనే భాషలో ‘వీడీయూ 23’ అని ఒక ఆదేశం ఉంది. దాంతో సొంత అక్షరాలు తయారుచేసుకోవచ్చు. ఒక్కో అక్షరానికి అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ళు. ఏ గడి వెలగాలో, ఏది ఆరి ఉండాలో మనమే చెప్పాలి. ఒక్కో వరసకు ఒక అంకె: ఎడమ నుంచి గళ్ళ విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. వెలగాల్సినవి కూడితే ఆ వరస అంకె వస్తుంది. గళ్ళ నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసి, కూడి, వరసగా 60, 66, 129, 129, 129, 129, 66, 60 అని ఇచ్చాను. తెర మీద సున్న వచ్చింది. ఇంగ్లీషు ‘ఓ’ కాదు, మన పూర్ణానుస్వారం. చూడ్డానికి రెండూ ఒకటేగా అని పక్కవాడు నవ్వాడు. నా మటుకు నాకు అది తెలుగే. మీరూ కాగితం మీద వేసి చూడండి, ఐదు నిమిషాల పని.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. తలకట్టుకు రెండు వరసలు పోతే అక్షరం ఒంటికి ఆరు మిగులుతాయి. వాటిలో ద, ధ, థ మధ్య తేడా చూపించాలి. వత్తుకు చోటే లేదు. పైగా మామూలుగా 32 సొంత అక్షరాలకే వీలుండేది, అంటే 256 బైట్లు. మనకు వర్ణమాలే యాభై ఆరు. గుణింతాలు, వత్తులు కలిపితే లెక్కే లేదు. ‘అమ్మ’ అని రాయడం కూడా కుదరట్లేదు.

ఈ ఇరుకులోనే నాకు మొదటి పెద్ద పాఠం దొరికింది. అక్షరాన్ని మొత్తంగా గీయకూడదు, ముక్కలుగా గీయాలి. ఒళ్ళు వేరు, తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. ‘వీడీయూ 5’ అనే ఇంకో ఆదేశం ఇస్తే అక్షరాల్ని తెర మీద ఎక్కడ పడితే అక్కడ, ఒకదాని మీద ఒకటి కూడా వేయొచ్చు. కిందది చెరిగిపోదు. దాంతో ‘మ’ వేసి, కాస్త కిందకు జరిగి మావత్తు వేయొచ్చు. పలక మీద పంతులుగారు నేర్పించినప్పుడు చేయి చేసే పనే ఇది. నాకప్పుడు తెలియదు గానీ, ఇవాళ మీ ఫోన్లో తెలుగు కనిపించడానికి నడిచే తతంగం కూడా మూలంలో ఇదే.

ఇంకో సరదా సంగతి. ఆ కంప్యూటర్ ఆన్ చేయగానే మోడ్ 7 అనే పద్ధతిలో లేస్తుంది. అందులో నా అక్షరాలు కనిపించేవి కావు. మోడ్ 4లోకి మారితే వచ్చేవి. ఎందుకో మాస్టారికీ తెలియదు. యూజర్ గైడ్ ముందేసుకుని, ఇంగ్లీషు సగం అర్థమై సగం కాక, చివరికి పట్టుకున్నాను. మోడ్ 7లో అక్షరాల బొమ్మలు కంప్యూటర్ మెమరీలో ఉండవు. టీవీ తెర మీద వార్తలు అక్షరాల్లో చూపించే టెలిటెక్స్ట్ కోసం చేసిన వేరే చిప్పులో ముందే అచ్చై ఉంటాయి. అందుకే ఆ మోడ్‌కు ఒక్క కిలోబైటు చాలు. మోడ్ 4లో తెర మీది ప్రతి చుక్కా మెమరీలో ఉంటుంది, దానికి పది కిలోబైట్లు కావాలి. అంటే తెర మీద కనిపించే అక్షరం వెనక ఇంకో అంతస్తు ఉందన్నమాట. దాని కింద మరొకటి ఉండి తీరాలి. ఆ రోజు నుంచి ఏది చూసినా ‘దీని కింద ఏముంది’ అని అడగడం అలవాటైపోయింది. బేసిక్ కింద అసెంబ్లీ ఉంది, అంటే ప్రాసెసరుతో దాదాపు నేరుగా మాట్లాడే భాష. అదృష్టం ఏమిటంటే ఆ భాషను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే అసెంబ్లర్ ఆ బేసిక్‌లోనే ఇమిడి ఉండేది, స్క్వేర్ బ్రాకెట్ల మధ్య రాసుకుంటే చాలు. అదే పనిని బేసిక్‌లో చేస్తే తెర నత్తనడకన నిండేది, అసెంబ్లీలో చేస్తే రెప్పపాటులో నిండేది.

ఆ బేసిక్‌ని రాసింది సోఫీ విల్సన్. నేను గళ్ళు నింపుతున్న కాలంలోనే ఆమె అదే కంపెనీలో ఒక కొత్త ప్రాసెసరుకు ఆదేశాల పట్టిక తయారుచేసింది. చిప్పు నిర్మాణం స్టీవ్ ఫర్బర్ చేశాడు. చిప్పు చేతికి రాకముందే దాని నమూనాను ఆమె బీబీసీ మైక్రో మీద, బీబీసీ బేసిక్‌లోనే రాసి నడిపి చూసింది. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు వచ్చింది, వచ్చిన రోజే పనిచేసింది. దానికెంత కరెంటు పడుతోందో చూద్దామని ఫర్బర్ మీటరు పెడితే సున్నా చూపించిందట. తీరా చూస్తే ఆ బోర్డు మీద చిప్పుకి కరెంటు కలపనేలేదు. మిగతా తీగల్లోంచి లీకయ్యే కాస్త కరెంటుతోనే నడిచేస్తోంది. ఆ చిప్పే ఆర్మ్. ఇప్పుడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉన్నది దాని వంశమే. ఈ కథ చాలా ఏళ్ళ తర్వాత తెలిసి నాకు ఒళ్ళు ఝల్లుమంది. మీ అమ్మాయికి కూడా చెప్పండి.

ఇక్కడ ఒక మాట. మాకు వారానికి ఒకటో రెండో పీరియడ్లే దక్కేవి. అందుకని ప్రోగ్రాం నోటుబుక్కులో రాసుకుని, మనసులో నడిపి చూసుకుని వెళ్ళేవాళ్ళం. ‘ఆ కొరతే మమ్మల్ని తీర్చిదిద్దింది, ఈ కాలం పిల్లలకు అన్నీ ఎక్కువైపోయాయి’ అనే నా ఈడువాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. కొరత వల్ల నిలిచినవాళ్ళు కొందరైతే, ఆ కొరత వల్లే పోయినవాళ్ళు ఎందరో. ముఖ్యంగా ఆడపిల్లలు. గుమ్మం దగ్గర మగపిల్లల తోపులాటలో వాళ్ళ వంతు వచ్చేదే కాదు. కాబట్టి కంప్యూటర్ దాచేస్తే విలువ తెలుస్తుందని మాత్రం అనుకోకండి.

కాలేజీ రోజులు గబగబా దాటేస్తాను. ఊళ్ళో వెలిసిన కంప్యూటర్ సెంటర్లలో డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ లాంటి ఆనాటి ప్రోగ్రాములు. ఎవరు చూసినా అవే. నాకు అవేమీ రుచించలేదు. నన్ను పట్టుకున్నది డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు తయారుచేసే పని. సెలవుల్లో ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళి శుభలేఖలు కొట్టేవాణ్ణి. పేజీలు కూర్చే పేజ్‌మేకరు, తెలుగు అక్షరాల బొమ్మలున్న ‘అను’ ఫాంట్లు. లోపల చూస్తే అక్కడ కూడా నా గళ్ళ నోటుబుక్కు కిటుకే! ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒళ్ళొక మీట, తలకట్టొక మీట, వత్తొక మీట. అచ్చు అద్భుతంగా వచ్చేది. కానీ అదే ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు. ఒక పేరు వెతకాలన్నా కుదరదు, అకారాది క్రమంలో పెట్టాలన్నా కుదరదు. ఎందుకంటే అందులో ఉన్నది తెలుగు బొమ్మ, తెలుగు కాదు. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ళు చేసిన, కంప్యూటర్లో తగిలించే జిస్ట్ కార్డులాంటివి ఈ చిక్కును సరిగ్గా పట్టుకున్నాయి: అక్షరాన్ని అక్షరంగా దాచి, బొమ్మను విడిగా గీయడం. కానీ ఆ కార్డు కొనే స్తోమత ఊళ్ళో ఎవరికుంది?

ఆ తర్వాత వచ్చిన కాలంలో ఈ ఇష్టం దాదాపు నా చేయి జారిపోయింది. 1998, 99ల్లో వైటూకే గాలి వీచింది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసి, సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన ప్రోగ్రాములన్నీ 2000 రాకముందే సరిచేయాలి. అమీర్‌పేటలో కోచింగు, తర్వాత ఉద్యోగం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. హైదరాబాదులో ఎవరిని కదిపినా కంప్యూటర్లే. జీతం బాగుంది, ఇంట్లో అందరూ సంతోషం. నేను మాత్రం ఇంటికొచ్చాక కంప్యూటర్ ముట్టుకునేవాణ్ణి కాదు. ఉద్యోగం వల్ల ఇష్టం చచ్చిపోతుందని కాదు నా ఉద్దేశం. ఎవరి ప్రశ్నో ఎవరి కోసమో రోజంతా విప్పుతూ ఉంటే సొంత ప్రశ్నకు ఓపిక మిగలదు, అంతే. మళ్ళీ దారికి తెచ్చింది 1996లో పీసీ క్వెస్ట్ పత్రికతో ఇచ్చిన లినక్స్ (విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ) సీడీ. ఎప్పటినుంచో అటక మీద ఉంది. ఒక ఆదివారం దింపి ఎక్కించాను. దాని లోపలి ప్రోగ్రాము మొత్తం చదువుకోవచ్చు! నా బీబీసీ మైక్రో తర్వాత అట్టడుగు దాకా తలుపులు తెరిచిన యంత్రం నాకు అదే.

ఈలోగా తెలుగు కోసం ఎందరో పనిచేశారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి పెట్టారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. 2003 చివర్లో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్‌గారి ‘లేఖిని’ అనే వెబ్‌సైటు వచ్చాక మామూలు మనిషి కూడా ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోకుండా తెలుగు రాయగలిగాడు. ఆర్టీఎస్ సంగతి వదిలేస్తే, వీటన్నిటి కింద ఉన్నది యూనికోడ్, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి. 1991 తొలి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళ చోటు ఇచ్చారు. అక్షరం ఏమిటో మాత్రమే అది దాస్తుంది, బొమ్మ బాధ్యత ఫాంటుది. ‘స్త్రీ’ తీసుకోండి. మన కంటికి ఒకటే అక్షరం. లోపల ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఆ ఆరింటిని చూసి, స మీద గుడిదీర్ఘం పెట్టి, తావత్తు రావత్తు ఎక్కడ తగిలించాలో తేల్చే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. నేను ‘వీడీయూ 5’తో చేతితో జరిపిన ముక్కల్ని అది దానంతటదే జరుపుతుంది. దాని లోపలి రాత మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అక్కడి నుంచి నా ఉద్యోగమూ నా పిచ్చీ ఒకటయ్యాయి. ఫోన్లలో భారతీయ భాషలు చూపించే పనిలోకి మారాను. చవక ఫోన్లు, ఆర్మ్ చిప్పులు, చాలీచాలని మెమరీ. మొదట్లో ఎదురైన తగువు ఏమిటంటారు? వరస ఎత్తు ఇంగ్లీషుకు సరిపడా పెట్టారు. కింద వత్తు తెగిపోయి ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయ్యింది. పరీక్షించినవాళ్ళకు తెలుగు రాదు, అన్నీ బాగున్నాయని టిక్కు పెట్టేశారు. వరస పెంచితే తెర మీద ఒక లైను తగ్గుతుందని డిజైన్ వాళ్ళు ససేమిరా అన్నారు. వాళ్ళ ఇంగ్లీషు మెనూలో జీ, వై లాంటి అక్షరాల తోకలు కోసేసి చూపించాక గానీ ఒప్పుకోలేదు.

ఇప్పటికీ ఈ పని పూర్తికాలేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగులో ఒక అక్షరం వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయని ప్రపంచమంతా వార్తలొచ్చాయి, గుర్తుందా? అది ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసను గీయబోయి ప్రోగ్రాం తడబడింది. అదే నెలలో సరిచేశారు. అందరూ జోకులు వేసుకుంటుంటే నేను లోపల ఏం జరిగి ఉంటుందా అని కాగితం పెన్సిల్ తీశాను. మా ఆవిడ చూసి ‘మొదలైంది’ అంది.

సరే, మీ అమ్మాయి. ఎన్ని గంటలు కూర్చుంటోందో లెక్కపెట్టి ఏమీ తేల్చలేం. ఆమె అడిగే ప్రశ్నలు వినండి. ‘ఈ గేమ్‌లో తర్వాతి లెవెల్ ఎప్పుడొస్తుంది’ అన్నది ఒక రకం. ‘ఈ లెవెల్ ఎవరు పెట్టారు, నేను మార్చొచ్చా’ అన్నది ఇంకో రకం. రెండోది నెలకోసారి వినిపించినా చాలు. పని చెడినప్పుడు ఏం చేస్తుందో కూడా చూడండి. మూసేసి వేరేది తెరిస్తే కాలక్షేపం కావచ్చు. విసుక్కుని, అన్నం మానేసి, మర్నాడు మళ్ళీ అదే తెరిస్తే మీరు కాస్త జాగ్రత్తగా అన్నం పెట్టించండి గానీ అడ్డుపడకండి. ఒకవేళ కాలక్షేపమే అయినా కొంప మునగదు. పన్నెండేళ్ళ పిల్లకు కాలక్షేపం ఉండకూడదా?

ఆమెకు ఒక సొంత పని దొరికేలా చూడటం మీరు చేయగలిగిన మేలు. మీరు చెప్పి అప్పగిస్తే అది హోంవర్క్ అవుతుంది, దొరికేలా వదలాలి. అమ్మమ్మగారి వంటల లెక్క, మీ కాలనీ నీళ్ళ ట్యాంకరు వంతులు, తనకిష్టమైన బొమ్మలు, ఏదైనా సరే. నాకు తెలుగు దొరకడం యాదృచ్ఛికం. మైక్రోబిట్ అని చిన్న బోర్డు వస్తుంది, అదీ బీబీసీ వాళ్ళ చలవే, 2016 నుంచి. దాని మీద ఐదూ ఐదుల పాతిక దీపాలు ఉంటాయి, లోపల ఆర్మ్ చిప్పు. లాప్‌టాప్‌కు తగిలించి వాడొచ్చు. చేసినది చేతిలో వెలగడం ఆ వయసులో పెద్ద విషయం.

కోడింగ్ కోచింగుల గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. ఎనిమిదో తరగతికల్లా యాప్ చేయిస్తామనే ప్రకటనలకు డబ్బు తగలేయకండి. సర్టిఫికెట్టు గోడకు వేలాడుతుంది, పిల్ల వేరే గదిలో ఉంటుంది. కంప్యూటర్‌కు మార్కులు పెట్టకపోవడం మా మాస్టారు మాకు చేసిన ఉపకారాల్లో పెద్దది.

ఇక ఏది కొనాలన్న మాట. కొత్తది, ఖరీదైనది వద్దు. మీ ఆఫీసులో పక్కనపెట్టిన పాత లాప్‌టాప్ ఏదైనా, 8 జీబీ ర్యామ్ ఉంటే చాలు. అందులో లినక్స్ వేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఆమెకే ఇవ్వండి. మీ బ్యాంకు పనులు, ఆఫీసు ఫైళ్ళు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. అది ఆమె చేతిలో ఒకటి రెండుసార్లు చెడిపోతుంది, ఖాయం. అప్పుడు షాపుకి తీసుకెళ్ళకండి. లినక్స్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల సొరుగులో పెట్టి, అది ఎక్కడుందో మాత్రం చెప్పండి.